అయిదేళ్ల తర్వాత ఏమీ కాకపోతే?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. పెద్ద నిర్మాణ సంస్థల నీడన కాకుండా సొంతంగా సినిమాలు, సిరీస్‌లు తీసే స్వతంత్ర దర్శకురాలిని అవుతానంటోంది. ఇప్పటికే మూడు లఘుచిత్రాలు తీసింది. సినిమా వైపు వెళ్లడం మేలా, టెలివిజన్ వైపా? అప్పు చేసి ఫిల్మ్ స్కూల్‌లో చేర్పించమంటారా? అయిదేళ్ల తర్వాత ఏమీ కాకపోతే ఆమె గతేమిటి? – ఒక తండ్రి

జవాబు: మీరు మూడు ప్రశ్నలు వేశారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మూడోదే. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. పిల్లల చదువులు మారతాయి తప్ప చివరి వాక్యం మాత్రం దాదాపు ఇవే మాటల్లో ఉంటుంది. అందుచేత సినిమా, టెలివిజన్‌ల పోలికను కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ వాక్యానికే జవాబు రాస్తున్నాను.

మీ భయం అర్థం లేనిది కాదు. దర్శకత్వం అనేది ఖాళీ ఏర్పడినప్పుడు ప్రకటన ఇచ్చి భర్తీ చేసే కొలువు కాదు. స్వతంత్ర దర్శకుల విషయంలోనైతే కథ రాసుకోవడం, పెట్టుబడి సమకూర్చుకోవడం, చిత్రీకరణ జరిపించడం, ఎడిటింగ్ పూర్తి చేయించడం, చిత్రోత్సవాలకు పంపడం, ఆ పైన కొనేవారిని వెతుక్కోవడం దాకా అన్నీ ఒక్కరి నెత్తినే పడతాయి కనుక, ఒక చిత్రం మొదలై ప్రేక్షకుల దగ్గరికి చేరేసరికి మూడు నాలుగేళ్లు గడిచిపోవడం వింతేమీ కాదు. ఖర్చు చేయి దాటినప్పుడు మొట్టమొదట కోత పడేది కూడా చాలాసార్లు దర్శకుడి పారితోషికానికే.

అయితే ఈ దర్శకులందరూ ఏం తిని బతికారు? ఇంకో పని చేసి బతికారు. హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ చదివింది ఫిల్మ్ స్కూల్‌లో కాదు, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం. ఆయన సంస్థల కోసం చిన్న వీడియోలు తీసి పెడుతూ పొట్ట పోసుకున్నారు. 1998లో వచ్చిన ఆయన తొలి చిత్రం ‘ఫాలోయింగ్’లో పనిచేసిన వారందరికీ వేరే ఉద్యోగాలు ఉండటంతో దాన్ని దాదాపు ఏడాది పాటు సెలవు రోజుల్లోనే తీశారు. ఫిల్మ్ రీలు వృథా కాకూడదని ప్రతి సన్నివేశాన్నీ ముందే బాగా సాధన చేయించి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. అమెరికా స్వతంత్ర సినిమాకు పెద్ద దిక్కనదగ్గ జాన్ కసావెటిస్ ఇతరుల చిత్రాల్లో, టెలివిజన్‌లో నటించి, ఆ సంపాదనను తన చిత్రాల మీద పెట్టారు. వీళ్లు ‘దర్శకత్వమా, ఉద్యోగమా’ అని తేల్చుకుని బయల్దేరలేదు.

కాబట్టి మీ అమ్మాయి నేర్చుకోవలసింది దర్శకత్వంతో పాటు నెల గడిపించే మరొక పని. నన్నడిగితే ఎడిటింగ్ అంటాను. ప్రకటనలు, డాక్యుమెంటరీలు, శిక్షణ వీడియోలు, సిరీస్‌లు అన్నింటికీ ఎడిటర్ కావాలి. పైగా ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్న మనిషికి ఇతర దర్శకులు చేసిన తప్పులన్నీ ఊరికే కనబడతాయి: ఏ షాట్ తీయడం మరిచారో, ఎక్కడ కంటిన్యుటీ (షాట్‌కూ షాట్‌కూ మధ్య పొంతన) తప్పిందో, ఏ సన్నివేశం స్క్రిప్టులో తప్ప తెర మీద నిలబడదో. సౌండ్ పనిని కూడా తక్కువ అంచనా వేయకండి. కొత్తవారి చిత్రాల్లో బొమ్మ కంటే ముందు చెడేది శబ్దమే కనుక, దాన్ని చక్కగా పట్టుకోగల మనిషికి పిలుపు వస్తూనే ఉంటుంది. అసిస్టెంట్ డైరెక్టర్ పని వల్ల షెడ్యూలు వేయడం, సెట్టును నడపడం అలవడతాయి గానీ, ఏళ్ల తరబడి అందులోనే ఉంటే దర్శకత్వం దానంతటదే చేతికొస్తుందని నమ్మవద్దు. చాలా దేశాల్లో ఆ మెట్లు నిర్మాణ నిర్వహణ వైపు తీసుకుపోతాయి.

ఇక ఫిల్మ్ స్కూలు. ఇక్కడ నా అనుమానాలు దాచుకోను. మంచి స్కూలు మూడు వస్తువులు ఇస్తుంది: పరికరాలు, తీరిక, తోటి విద్యార్థులు. మూడోది అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత కూడా కెమెరా పట్టేది ఆ తరగతి స్నేహితుడే కావచ్చు. ఫీజు తక్కువగా ఉన్న ప్రభుత్వ సంస్థలోనో, ఉపకార వేతనంతోనో సీటు వస్తే సంతోషంగా పంపండి. అప్పు చేసి పంపడం మాత్రం నాకు మింగుడుపడదు. స్వతంత్ర దర్శకుడికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి, నచ్చని పనికి ‘వద్దు’ అనగల వెసులుబాటు. నెలనెలా వాయిదా కట్టవలసిన మనిషి ఆ మాట అనలేడు. చేర్పించే ముందు ఆ సంస్థను రెండు విషయాలు అడగండి. ఒక్కో విద్యార్థి స్వయంగా ఎన్ని చిత్రాలకు దర్శకత్వం వహిస్తాడు? విద్యార్థి తీసిన చిత్రం మీద హక్కులు ఎవరివి? చాలా స్కూళ్లు ఆ హక్కులను తమ దగ్గరే ఉంచుకుంటాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో మోజు ఉంది: ‘చేతిలో ఫోనుంటే చాలు, సినిమా తీసేయవచ్చు’ అన్నది. దీనికి తాతలాంటి కథ 1992 నాటి ‘ఎల్ మరియాచి’ సినిమాది. రాబర్ట్ రోడ్రిగ్జ్ దాన్ని సుమారు 7,000 డాలర్లతో తీశారనీ, అందులో కొంత డబ్బు కోసం మందుల ప్రయోగానికి తన శరీరాన్నే అప్పగించారనీ అందరూ చెప్పుకుంటారు. అది నిజమే. అయితే ఆ చిత్రాన్ని థియేటర్లకు తేవడానికి, శబ్దం సరిచేసి కొత్త ప్రింట్లు వేయడానికి స్టూడియో అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టిందన్న రెండో సగం ఎవరికీ గుర్తుండదు. తీయడం చవకైంది, నేను కాదనను. సంగీత హక్కులు, నటులతో రాతపూర్వక ఒప్పందాలు మాత్రం చవక కాలేదు, వాటిలో ఒక్క కాగితం లేకపోయినా కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. తొందరపడి చిత్రాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేస్తే కొన్ని చిత్రోత్సవాల తలుపులు కూడా మూసుకుంటాయి.

మాట ఇచ్చిన పోలికను క్లుప్తంగా చెబుతాను. సినిమాలో కథను ఎలా చూపాలన్న దృష్టి దర్శకుడిది. సిరీస్‌లో సాధారణంగా అది షోరన్నర్ అనే ప్రధాన రచయితది. ఎపిసోడ్‌కొక దర్శకుడు రావడం, అప్పటికే స్థిరపడిన శైలిలో అనుకున్న రోజుల్లో తీసి వెళ్లిపోవడం మామూలు. అందుకు ప్రతిఫలంగా ఎపిసోడ్‌కు ఇంత అని నిర్ణీతమైన డబ్బు, వేగంగా పనిచేసే అలవాటు దొరుకుతాయి. తొలి చిత్రం తీశాక రెండో చిత్రానికి ఎదురుచూస్తూ సిరీస్‌లకు పనిచేసే స్వతంత్ర దర్శకులు చాలామంది ఉన్నారు కనుక, ఈ రెండింటిలో ఒకదాన్ని ఇప్పుడే ఎంచుకోవలసిన అవసరం మీ అమ్మాయికి లేదు.

చివరగా, మీకు కటువుగా అనిపించినా ఒక మాట అడగక తప్పదు. మూడు లఘుచిత్రాలు తీసిందని రాశారు. అవి దేని గురించో ఒక్క ముక్క కూడా రాయలేదు. మీరు చూశారా? చూడకుండానే ఆమె గతి గురించి దిగులు పడుతున్నారంటే, ఆ దిగులు ఆమె కోసమా, నలుగురికీ ఏం చెప్పాలన్న సంకోచమా? డిగ్రీ చదువుతూ, తన ఖర్చుతో, మనుషుల్ని కూడగట్టి, మూడుసార్లు మొదలుపెట్టిన పనిని మూడుసార్లూ పూర్తి చేసిన అమ్మాయి గురించి మీరు ‘ఏమీ కాకపోతే’ అంటున్నారు. ఆ పని చేయగలిగిన మనిషి ఏ కార్యాలయంలోనైనా అక్కరకొస్తుంది. డిగ్రీ ఎలాగూ చేతికొస్తోంది, ఎడిటింగ్ నేర్చుకుంటే రెండో ఆధారం కూడా ఏర్పడుతుంది. ఆమె వీధిన పడే ప్రమాదం మీరు ఊహిస్తున్నంత లేదు.

ఈ వారంలోనే ఆమెతో కూర్చుని మూడు చిత్రాలనూ తీసిన వరసలో చూడండి. మెచ్చుకోవడానికో, తప్పులు పట్టడానికో కాదు. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఏం మారిందో ఆమెనే అడగండి. ఆమె ఏం చెప్పిందో నాకు రాయండి. ఫిల్మ్ స్కూల్ సంగతి అప్పుడు ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.