వీధి పోరులో నాకు ట్రాకుల బండే కావాలి

నగరంలో పోరాడాలంటే చక్రాల సాయుధ వాహనం మేలా, ట్రాకులదా (చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టీల మీద నడిచేది) అని అడిగారు. మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీలో, అంటే సాయుధ వాహనాల్లో వెళ్లే కాల్బలంలో, బీఎంపీ-2 అనే ట్రాకుల బండి నడిపినవాణ్ణి. ట్రాకులదే మేలు. ఇరుక్కున్న సందులోంచి బండి బయటపడుతుందా లేదా, నేను ముందు చూసేది అదే.

శిక్షణ కోసం కట్టిన ఉత్తుత్తి ఊళ్లో ఓసారి హ్యాచ్ (పైమూత) మూసుకుని సందులో దూరాను. డ్రైవర్ సీటు ముందు ఎడమ పక్కన, కుడివైపు ఇంజిన్ సెగ. పెరిస్కోపుల్లో కనిపించేది కాస్త నేల, ఓ గోడ ముక్క. "దారి మూసుకుపోయింది, తిప్పు" అని కమాండర్ అరిచాడు. వెనకేముందో నాకు ఆవగింజంత కనపడదు, అతని మాటే నా కళ్లు. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి లాగాను. ఎడమ ట్రాకు బిగుసుకుంది, కుడిది ఇటుకల్ని పిండి చేస్తూ తిరిగింది, బండి దాదాపు ఉన్నచోటే మూతి తిప్పుకుంది. అదే సందులో ఎనిమిది చక్రాల బండి ముందుకీ వెనక్కీ జరుగుతూ తిరగాలి. మేడమీద ఆర్పీజీ (భుజం మీంచి పేల్చే రాకెట్) పట్టుకున్నవాడికి ఆ సమయం చాలు.

చెచెన్యా రాజధాని గ్రోజ్నీలో ట్రాకులవే కాలిపోయాయి కదా అంటారు. ఇది వింటే ఒళ్లు మండుతుంది! 1994 డిసెంబర్ 31న రష్యన్లు సరిపడా కాల్బలం లేకుండా ట్యాంకుల్నీ బీఎంపీల్నీ వీధుల్లో వరస కట్టించారు. ముందుదాన్నీ వెనకదాన్నీ కొడితే మధ్యవి చిక్కాయి. ట్యాంకు ఫిరంగి పై అంతస్తులకీ లేవదు, నేలమాళిగలకీ వంగదు. ఆ తప్పు పంపినవాళ్లది.

2008లో బాగ్దాద్ సద్ర్ సిటీలో ఎనిమిది చక్రాల స్ట్రైకర్లు దెబ్బతిన్నాక అమెరికన్లు ఏబ్రమ్స్ ట్యాంకుల్నీ ట్రాకుల మీద నడిచే బ్రాడ్లీల్నీ ముందుకు తెచ్చారు. అలాగని ట్రాకులుంటే చాలదు. 2014లో గాజా షుజాయియాలో పాత ఎం113 ట్రాకుల బండిలో ఏడుగురు ఇజ్రాయెల్ సైనికులు పోయారు. ఆ తర్వాత మెర్కావా ట్యాంకు చాసిస్ (అడుగు చట్రం) మీద కట్టే నమేర్ సైనిక వాహనాల తయారీ పెంచారు. అది దాదాపు 60 టన్నులు. చక్రాల మీద అంత బరువుతో శిథిలాల్లో తిరగలేం.

ఊరిదాకా వేగంగా, చప్పుడు తక్కువగా వెళ్లడానికి చక్రాలే నయం, ఒప్పుకుంటాను. ట్రాకు ఊడితే సుత్తీ పిన్నులూ పట్టుకుని పడే అవస్థ కూడా నాకు తెలుసు.

నెట్‌లో పట్టికలు పెట్టి కవచం, ఫిరంగి మిల్లీమీటర్లు కొలిచేవాళ్లు డ్రైవర్‌కి ఏం కనిపిస్తుందో ఒక్కసారీ అడగరు. కొత్త ఫిరంగికి పెట్టే డబ్బులో కొంత తీసి, ముందు ప్రతి బండికీ చుట్టూ కెమెరాలు పెట్టించండి.