హతసాక్షి బొమ్మ ముందు కూర్చున్నప్పుడు

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

బరోక్ కాలంలో, అంటే పదిహేడో శతాబ్దపు యూరప్‌లో, గీసిన హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ) డ్రాయింగులు చూస్తుంటే కడుపులో తిప్పుతోందనీ, పేపర్ ఎలా రాయాలో తోచక టెన్షన్‌గా ఉందనీ రాశావు. తిప్పడం తప్పు కాదమ్మా. మొదట్లో నాకూ అంతే. చూపంతా గాయం మీదే ఉంటే అలాగే ఉంటుంది.

ముందు చంపడానికి వాడిన వస్తువును వెతుకు, మనిషి ఎవరో తెలుస్తుంది. కత్తి ఉంటే బర్తొలొమయి, ఇనుప ఊచల మంచం ఉంటే లారెన్స్, రాళ్ళుంటే స్తెఫను. ఖర్జూరపు మట్ట మాత్రం అందరిదీ. రోమన్లకు అది గెలుపు గుర్తు. బైబిల్లో ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలో తెల్లని వస్త్రాలవాళ్ళ చేతుల్లో ఉన్నదీ అదే. మట్టల ఆదివారం నాడు నువ్వు పట్టుకుని నడిచేదీ అదే కదా! దాన్ని తెచ్చే బుల్లి దేవదూత చాలా బొమ్మల్లో పైన ఎక్కడో ఉంటాడు. కింద గాయం దగ్గరే ఆగిపోతే అతను కనబడడు.

ఇంత నెత్తురు ఎందుకంటావా? పునీతుల బొమ్మలు విశ్వాసులకు బోధించాలని 1563లో కతోలిక సంఘ పెద్దల ట్రెంట్ మహాసభ చెప్పింది. 1578లో రోమ్‌లో తొలి క్రైస్తవుల భూగర్భ సమాధులు బయటపడ్డాయి. ఆ చావులు నిన్నమొన్నటివిలా అనిపించాయి జనానికి.

చిత్రకారుడు రిబెరా బొమ్మల దగ్గర మాత్రం ఎక్కువసేపు కూర్చో. స్పెయిన్‌లో పుట్టి నేపుల్స్‌లో బతికాడు. కట్టేసిన మనుషులను ఎర్ర సుద్దతో, కలంతో ఎన్నోసార్లు గీశాడు. తాడు బిగిసిన చోట గీత ఎంత ఒత్తుగా ఉందో, వెలుగు పడిన ఒంటి మీద ఎంత తేలిపోయిందో చూడు. బాగా వెలుగున్న చోట వట్టి కాగితమే. రంగు లేదు, బంగారం లేదు. పైనుంచి దిగిన వెలుగును గీయకుండా వదిలేసి చూపించాలి. నా మట్టుకు కత్తి, మట్టల కంటే పెద్ద గుర్తు ఆ ఖాళీయే.

తర్వాత చూపులు. 1634లో అతను రంగుల్లో వేసిన బర్తొలొమయి కూడా చూడు. కత్తి నూరుతున్న తలారి చెయ్యి ఆపి ఆ ముసలాయన ముఖంలోకి చూస్తుంటాడు. ఆ ఒక్క చూపు మీదే నువ్వు రెండు పేజీలు రాయొచ్చు.

రాసే ముందు ఒక డ్రాయింగును పెన్సిల్‌తో కాపీ చెయ్యి. తాడు దగ్గర మొదలుపెట్టు. ముఖం చివర్న. అయ్యాక ఫోటో తీసి పంపు, చూస్తాను.

మీ పెదనాన్న