రచయిత పేరు లేని పాత వ్యాసాన్ని థీసిస్‌లో ఎలా చూపించాలి?

నిజాం కాలపు తెలుగు పత్రికల మీద పనిచేస్తున్నాను, సంతకం లేని సంపాదకీయాలు, ఒక సర్కారీ రిపోర్టు, కొన్ని చాటుపద్యాలు వాడాలి, రచయిత దగ్గర 'అజ్ఞాత' అని పెట్టొచ్చా అని ఒక పరిశోధక విద్యార్థి అడిగారు. పెట్టకండి. అచ్చులోనే రచయిత స్థానంలో ఆ మాట ఉంటే తప్ప, మూలాలు చూపించే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏ (APA) ఒప్పుకోదు. పేరు లేనంత మాత్రాన అలా రాయొద్దనే మరో పద్ధతి ఎంఎల్ఏ (MLA) కూడా అంటుంది. రెండింట్లోనూ శీర్షికే ముందుకొస్తుంది.

సంపాదకీయం పేరు 'నీటి ఎద్దడి', సంవత్సరం 1935 అనుకుందాం. ఏపీఏలో వాక్యం చివర ("నీటి ఎద్దడి," 1935) అని రాస్తారు. చివరి జాబితాలో శీర్షిక, తేదీ, ఆ తర్వాత పత్రిక పేరు. శీర్షిక పక్కన చదరపు బ్రాకెట్లలో 'సంపాదకీయం' అని చేర్చాలి. అక్షర క్రమంలో అది 'న' దగ్గరికి వెళ్తుంది. ఎంఎల్ఏలో వాక్యం చివర సంవత్సరం బదులు పేజీ నంబరు.

నా పీహెచ్‌డీకీ ముడిసరుకు పాత పత్రికలే. అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో బైండు చేసిన సంపుటాలు తిప్పుతుంటే అంచులు పొడిపొడిగా రాలేవి. చివరి పేజీ అడుగున సన్నక్షరాల్లో ముద్రాపకుడు, సంపాదకుడు అని పేర్లు కనిపించేవి. ఆశ పుట్టేది అక్కడే! గోలకొండ పత్రికకు సురవరం ప్రతాపరెడ్డి సంపాదకులు కదా, సంతకం లేని ప్రతి సంపాదకీయమూ ఆయనదేనని రాసేయాలనిపిస్తుంది. మా బ్యాచ్‌లో ఒకాయన వేరే పత్రిక విషయంలో అదే చేస్తే, వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "ఆయనే రాశారని మీకెవరు చెప్పారు?" జవాబు లేదు. వేరే ఆధారం దొరికితే ఆ సంగతి ఫుట్‌నోట్‌లో పెట్టండి, రచయిత స్థానంలో మాత్రం వద్దు.

కలంపేరుంటే అది రచయిత లేకపోవడం కాదు, అచ్చులో ఎలా ఉంటే అలాగే ఇవ్వండి.

సర్కారీ రిపోర్టుకి మనిషి పేరు వెతకక్కర్లేదు, వెలువరించిన శాఖే రచయిత. 2011 జనాభా లెక్కలకి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం పేరు ఇచ్చినట్టే.

చాటుపద్యాల దగ్గరే అసలు తిప్పలు. ప్రతి కొంటె పద్యాన్నీ శ్రీనాథుడికో తెనాలి రామకృష్ణుడికో అంటగట్టడం మనవాళ్లకి సరదా. మీరు ఏ సంకలనంలోంచి తీసుకున్నారో దాన్నే చూపించండి. వేటూరి ప్రభాకర శాస్త్రి గారి 'చాటుపద్య మణిమంజరి' అయితే ఆయన్ని సంకలనకర్తగా చూపి, పేజీ నంబరు ఇస్తే చాలు. మీ వాక్యంలో 'శ్రీనాథుడు ఇలా అన్నాడు' అనకుండా 'శ్రీనాథుడిదిగా ప్రచారంలో ఉన్న పద్యం' అనండి.

ఇంకోటి, జాబితా టైపు చేసేముందు డిపార్ట్‌మెంట్‌లో ఏ పద్ధతి అడుగుతున్నారో గైడ్‌ని కనుక్కోండి. ఏపీఏలో చేసిన జాబితాని సబ్మిషన్ వారంలో ఎంఎల్ఏలోకి మార్చడమంటే నిద్ర ఉండదు.