శారదకు అలాగే కనిపించనీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీరు నలుగురూ తలా ఒక పాత్ర తీసుకుని వంతులవారీగా రాస్తున్న కథ కూడా మొదటి నుంచి చదివాను. వకుళ నీ పాత్ర. అత్తగారు పోయే ముందు పిలిచి చేతిలో పెట్టిన తాళాలగుత్తి కాబట్టి, ఆమె దాన్ని బొడ్లోంచి తీయదు. ఇది నీకు తెలుసు. కానీ నీ స్నేహితురాలు రాస్తున్న తోడికోడలు శారదకు మాత్రం వకుళ పెత్తనం చేసే మనిషిలా కనిపిస్తోంది. "నా వకుళ అలాంటిది కాదని ఎలా చెప్పాలి మాస్టారూ?" అని అడిగావు.

చెప్పొద్దమ్మా. శారదకు అలాగే కనిపించనీ.

పోయిన వంతులో శారద తలుపు చాటు నుంచి అసలు సంగతి వినేసి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి క్షమించమని అడిగినట్టు రాశావు. ఆమె ఏడవాలా వద్దా అన్నది నీ స్నేహితురాలు తేల్చాల్సిన విషయం. అదొకటి. ఒకే వంటింట్లో తిరిగే ఇద్దరు ఒకరినొకరు తప్పుగా అనుకుంటున్నారే, మీ కథకు ప్రాణం అక్కడుంది. నువ్వు ఒక్క పేజీలో దాన్ని తీసేశావు. ఆ పేజీ వెనక్కి తీసుకో.

చాలా ఏళ్ళ కిందట ఒక వారపత్రిక గొలుసు నవలలో నేనూ ఒక భాగం రాశాను. వారానికో రచయిత. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన నా పాత్ర. ఆయనకు చెవుడు వచ్చింది, ఎవరికీ చెప్పలేదు. నేనూ పైకి రాయలేదు. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకోకుండా బొటనవేలితో అదిమి చూస్తాడని మాత్రం రాశాను. తర్వాతి వారం రచయిత, ఆయన పలకలేదని కథానాయిక చేత "ఎంత పొగరు!" అనిపించాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంకో రెండు వారాలకు వేరొకరు రాసిన భాగంలో, పక్కింటి పిల్లాడు ఆ బొటనవేలిని చూశాడు. మర్నాటి నుంచి తాతను పిలవడం మానేసి, ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడాడు. ఆమె చూసిందీ, పిల్లాడు చూసిందీ ఒకే మనిషిని. నేను ముందే వివరణ ఇచ్చుకుని ఉంటే ఆ పిల్లాడు పుట్టేవాడే కాదు.

కూచిపూడి వాళ్ళు భామాకలాపం ఆడేటప్పుడు ఎప్పుడైనా గమనించావా? సత్యభామ దగ్గర చెలికత్తె మాధవిగా ఉన్నవాడే కృష్ణుడి దగ్గరికి వెళ్ళేసరికి మాధవుడవుతాడు. మనిషి ఒక్కడే, చూసేవాళ్ళను బట్టి మారిపోతాడు. భర్త పేరు చెప్పమని మాధవి అడిగితే భామ సిగ్గుతో మెలికలు తిరుగుతుంది. కృష్ణుడు ఇంకా రంగం మీదకు రాకుండానే, ఆమె కంటికి ఆయనెలా ఉన్నాడో మనకు తెలిసిపోతుంది.

మన భాషలో ఈ పని పిలుపే చేసిపెడుతుంది. మీ కథ మొదట్లో శారద "అక్కా, నువ్వు తిన్నావా?" అనేది. తాళాల గొడవ తర్వాత "మీరు తిన్నారా అక్కయ్యగారూ?" అంటోంది. పైకి మర్యాద పెరిగింది, లోపల దూరం పెరిగింది. నీ స్నేహితురాలు ఎంత బాగా రాసిందో! నువ్వది పట్టించుకోకుండా వకుళ గతం గురించి మూడు పేజీలు రాశావు. వకుళ చెవిన ఆ "గారూ" ఎలా పడింది? నాకు అది కావాలి.

ఇంకో మాట. శారద గాజులు తాకట్టులో ఉన్నాయని నీ స్నేహితురాలు నీకు విడిగా చెప్పింది కాబట్టి నీకు తెలుసు. వకుళకు తెలియదు. ఆమెకు కనబడేది బోసి చేతులే. ఆ చేతుల్ని చూసి వకుళ కూడా తప్పుగానే అనుకోవాలి. ఫ్యాషన్ అనుకుంటుందో, నిర్లక్ష్యం అనుకుంటుందో నువ్వు చూసుకో.

వచ్చే వంతులో శారద పంచదార అడుగుతుంది కదా, "తాళాలు మీ దగ్గరేగా ఉన్నాయి" అని. వకుళ లేచి గుత్తి తీయాలి. అది గలగలమంటుంది. ఆ చప్పుడు దాకా రాసి ఆపు. శారద దాన్ని ఎలా వింటుందో నీ స్నేహితురాలు రాస్తుంది. ఆమె రాశాక రెండూ కలిపి నాకు పంపు.

ప్రేమతో,
మాస్టారు