చప్పట్లు కొడితే ఎన్నికైనట్లేనా?

ప్రశ్న: మాది చిన్న పట్టణం. పేద పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా చదువు చెప్పే సంఘం ఒకటి నడుపుతున్నాం. రిజిస్టర్ అయిన సంఘమే, సభ్యులం 64 మంది. మొన్న సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదవడం పూర్తికాగానే అధ్యక్షులవారు లేచి, "పాత కమిటీయే కొనసాగాలని అందరి అభిప్రాయం కదా" అన్నారు. ముందు వరుసలోని వారు చప్పట్లు కొట్టారు. అంతలో టీ వచ్చేసింది. కార్యదర్శి పదవికి పోటీ చేయాలని వెళ్లిన నేను నోరు తెరిచేలోపే అంతా అయిపోయింది. తర్వాత అడిగితే, "ఏకగ్రీవమమ్మా, మీరూ సంతకం పెట్టారు కదా" అని రిజిస్టరు చూపించారు. నేను పెట్టింది హాజరు సంతకం. పైగా 100 రూపాయల చందా బాకీ ఉన్నాను కనుక నాకసలు ఓటే లేదంటున్నారు. ఈ ఎన్నిక చెల్లుతుందా?
– పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, రెవెన్యూ శాఖలో ఉన్నన్నాళ్లూ పోలింగ్ కేంద్రాల్లో ప్రిసైడింగ్ అధికారిగా కూర్చున్నవాణ్ణి. రిటైరయ్యాక మా ఊళ్లో ఏ సంఘానికి ఎన్నికలు వచ్చినా నన్నే పిలుస్తున్నారు. కాఫీ తప్ప ఏమీ అడగనని కాబోలు.

చప్పట్ల గురించి ఇంత రాశారు గానీ నోటీసు గురించి ఒక్క ముక్కా రాయలేదు. అది ఎన్ని రోజుల ముందు అందింది? ఎజెండాలో 'కార్యవర్గ ఎన్నిక' అని విడిగా ఉందా, లేక 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు' అనే ఆఖరి పంక్తిలో దూర్చేశారా? నేను చూసిన తగాదాల్లో చాలామటుకు సమావేశం రోజున పుట్టినవి కావు, ఇక్కడ పుట్టినవే.

కాబట్టి ముందు మీ సంఘం నియమావళి చేతిలోకి తెచ్చుకోండి. కార్యదర్శి ఇవ్వకపోతే జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టమే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలులో ఉంది. ఓటు చీటీలతో వేయాలా, చేతులెత్తాలా అనేది మాత్రం నియమావళిలోనే చూసుకోవాలి. నోటీసు గడువు, కోరం (సమావేశం చెల్లాలంటే ఉండవలసిన కనీస హాజరు), చందా బాకీదారుకు ఓటుందా లేదా అన్నదీ అందులోనే ఉంటుంది. చేతులెత్తే పద్ధతి అని ఉంటే అది చెల్లుతుంది. చప్పట్లు కొట్టే పద్ధతి ఉన్న నియమావళి ఇంతవరకూ నా కంటపడలేదు.

ఇక ఏకగ్రీవం. పదవి పేరు చెప్పి నామినేషన్లు పిలవాలి, వేయడానికీ ఉపసంహరించుకోవడానికీ సమయం ఇవ్వాలి. ఆ తర్వాత ఒక్క పేరే మిగిలితే ఏకగ్రీవం. సర్పంచి ఎన్నికల్లో చూస్తూనే ఉంటాం కదా! పైగా మీ అధ్యక్షులు తాము పోటీలో ఉంటూ తామే ఎన్నిక జరిపారు. ఆ కాసేపైనా కుర్చీ దిగి, పోటీలో లేని పెద్దమనిషి ఎవరినైనా కూర్చోబెట్టవలసింది.

సంతకాల మాటకొస్తే, ఒక సంఘం మినిట్సు పుస్తకం గుర్తొస్తోంది. పేజీ పై సగం ఖాళీగా వదిలి, కింద అందరిచేతా సంతకాలు పెట్టించారు. తీర్మానం ఇంటికి వెళ్లి తీరిగ్గా రాసుకున్నారు. చోటు చాలక చివరి పంక్తులు చీమల బారులా ఇరికించారు. 'ఏకగ్రీవంగా' అన్న మాటైతే మొదటి సంతకం తలకట్టుకు తగలకుండా ఒంపు తిరిగి వెళ్లింది! సంతకం ముందో తీర్మానం ముందో ఆ ఒంపే చెప్పింది. మీ పేజీ కూడా ఒకసారి అలా పరిశీలించి, ఫొటో తీసి ఉంచుకోండి.

మీ బాకీ సంగతి వారికి ఎప్పుడు గుర్తొచ్చింది? మీరు ప్రశ్నించాకేనా? మిగిలిన 63 మంది ఖాతాలూ చూశారా? రసీదు పుస్తకం అడగండి. ఓటర్ల జాబితా వారం ముందే గోడకు అంటిస్తే, బాకీ ఉన్నవారు ఆలోగా కట్టేసేవారు.

ఇప్పుడేం చేయాలంటే, ఈ అభ్యంతరాలన్నీ రాసి అధ్యక్షులకు స్పీడ్ పోస్టులో పంపండి. నియమావళి చెప్పినంత మంది సంతకాలతో ప్రత్యేక సర్వసభ్య సమావేశం కోరండి. కొత్త కార్యవర్గం జాబితాను వారు రిజిస్ట్రారుకు ఇచ్చి ఉండవచ్చు. దానికి బెంగపడకండి. ఆయన కాగితం తీసుకుని ఫైల్లో పెడతారే గానీ, ఎన్నిక సక్రమమని తీర్పు చెప్పినట్లు కాదు. తీర్పు కావాలంటే ఇందాక చెప్పిన 2001 చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికైనా, జిల్లా కోర్టుకైనా వెళ్లవచ్చు. నా సలహా అడిగితే, 100 రూపాయల చందా సంఘానికి కోర్టు వాయిదాలు వద్దు. సమావేశం కోసమే పట్టుబట్టండి.

వారు ఒప్పుకుంటే చీటీలతోనే జరిపించండి. మా ఇంటి కారప్పూస డబ్బా మూతకు చీలిక కొట్టించి బ్యాలెట్ పెట్టెగా వాడుతున్నాను. మా ఆవిడ ఇంకా క్షమించలేదు. ఒకసారి దాన్ని తెరిచి, ఖాళీగా ఉందని అభ్యర్థులకు చూపించడం మరిచాను. పోలింగ్ కేంద్రంలో ఏజెంట్లకు చూపించనిదే సీలు వేయనివాణ్ణి, చిన్న సంఘమే కదా అని ఏమరిచాను. రెండు ఓట్లతో ఓడిన ఆయన, "లోపల ముందే ఉన్నాయేమో" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం మళ్లీ ఓట్లు వేయించాను. ఆయన మళ్లీ ఓడారు, ఈసారి అయిదు ఓట్లతో. వచ్చి చెయ్యి కలిపి వెళ్లారు.

మీ పట్టణం పేరు రాయలేదు. దగ్గరైతే చెప్పండి, డబ్బా తెస్తాను.