హెవీ మెటల్‌కి ఆద్యులు ఎవరంటే నా ఓటు బర్మింగ్‌హామ్‌కే

ఇక్కడ అడిగింది ఏంటంటే హెవీ మెటల్‌ని, అంటే రాక్‌లోంచి పుట్టిన బరువైన గిటార్ సంగీతాన్ని, మొదలుపెట్టింది ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన బ్లాక్ సబ్బాత్ బ్యాండా, లెడ్ జెప్పెలినా, లేకపోతే వాళ్లిద్దరికంటే ముందే వచ్చిన బ్లూ చీరా అని. దానికి తోడు, 'హెవీ మెటల్' అన్న మాట 1968లోనే స్టెప్పెన్‌వుల్ఫ్ పాటలో ఉంది కదా, మరి ఆ క్రెడిట్ వాళ్లకి ఎందుకివ్వరు అని ఇంకో ప్రశ్న. నేను ఇంజనీరింగ్ ఫస్టియర్ నుంచి గిటార్ వాయిస్తున్నా, ఈ గొడవ హాస్టల్ రూములో ఎన్ని రాత్రులు పడ్డామో లెక్కే లేదు, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక పట్టండి.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. 'బోర్న్ టు బి వైల్డ్' పాటలో ఆ మాట వచ్చేది మోటార్ సైకిల్ చప్పుడు గురించి, సంగీతం గురించి కాదు. అంతకుముందే విలియం బరోస్ నవల్లో ఒక పాత్రకి ఆ పేరుంది, అక్కడా సంగీతంతో సంబంధం లేదు. ఇలాంటి మోతని ఆ పేరుతో పిలవడం 1970, 71 ప్రాంతంలో అమెరికా పత్రికల్లో రివ్యూలు రాసేవాళ్ల దగ్గర కనిపిస్తుంది. అంటే బిడ్డ పుట్టాక పెట్టిన పేరు అది. పేరు ఎక్కడ మొదట వినిపించింది అన్నదాన్ని పట్టుకుని తండ్రి ఎవరో తేల్చలేం.

ఇక మోత సంగతి. మోతే లెక్క అయితే 1958కి వెళ్లాలి. లింక్ రే అనే అమెరికన్ గిటారిస్ట్ తన యాంప్ (గిటార్ సౌండ్‌ని పెంచే పెట్టె) స్పీకర్‌కి పెన్సిల్‌తో బొక్కలు పొడిచి 'రంబుల్' అని ఒక్క మాట కూడా లేని పాట వాయించాడు, అది వింటే కుర్రాళ్లు కొట్టుకుంటారేమో అని కొన్ని ఊళ్లలో రేడియోలో వెయ్యలేదు. 1964లో లండన్‌లో కింక్స్ బ్యాండ్ డేవ్ డేవిస్ చిన్న యాంప్ స్పీకర్‌ని బ్లేడుతో కోసేశాడు, ఆ చిరిగిన కాగితం బరబరలాడే సౌండే 'యు రియల్లీ గాట్ మీ'లో వినిపించేది. తర్వాత గిటారిస్ట్ హెండ్రిక్స్, క్రీమ్ బ్యాండ్, వెనకాల మనిషంత ఎత్తు మార్షల్ యాంప్‌లు. వీళ్లెవరూ లేకపోతే మెటల్ లేదు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

బ్లూ చీర్ సంగతి కూడా చెప్పాలి ఎందుకంటే వాళ్ల పేరెత్తేవాళ్ల దగ్గర పాయింట్ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ముగ్గురు కుర్రాళ్లు, 1968 మొదట్లోనే ఆల్బమ్, ఆ వాల్యూమ్ ఇప్పుడు హెడ్‌ఫోన్స్‌లో విన్నా భరించలేం. కానీ వాళ్ల హిట్ ఏది? 'సమ్మర్‌టైమ్ బ్లూస్'. అది ఎడ్డీ కాక్రన్ 1958లో పాడిన పాట. అంటే ఎంత మోగించినా లోపల ఉన్నది అదే రాకెన్‌రోల్. నేను ఆ పాట ప్లగ్ పీకేసి అకౌస్టిక్ గిటార్ మీద వాయించి చూశా, హాయిగా కాలు ఊపుకుంటూ పాడుకునే పాటలా ఉంటుంది. నా పరీక్ష ఇదే అండి, కరెంటు పోయాక కూడా ఆ బరువు ఉంటుందా లేదా అని. వాల్యూమ్‌తో వచ్చిన బరువైతే ప్లగ్ పీకగానే పోతుంది.

ఇది నాకు తట్టింది హాస్టల్లోనే. మా రూమ్మేట్ రాజమండ్రి వాడు, చిన్నప్పుడు ఆరేడేళ్లు వయొలిన్ నేర్చుకున్నాడు, లెడ్ జెప్పెలిన్ అంటే ప్రాణం. ఒకరోజు సాయంత్రం కరెంటు లేదు, నేను నా చవక అకౌస్టిక్ మీద సబ్బాత్ వాళ్ల 'బ్లాక్ సబ్బాత్' పాట మొదటి రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ ముక్క) వాయిస్తున్నా, మూడే స్వరాలు, ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. వాడు మంచం మీద పడుకుని ఉన్నవాడు లేచి కూర్చుని 'రేయ్, మళ్లీ వాయించు' అన్నాడు. వాయించా. 'ఇది స, పై స, తర్వాత ప్రతి మధ్యమంరా, ప దాకా పోకుండా అక్కడే ఆపేశాడేంటి' అన్నాడు. అప్పటిదాకా నేను ఇంటర్నెట్‌లో ట్రైటోన్, దెయ్యం స్వరం అని ఏవేవో చదివా కానీ ఒక్క ముక్క ఎక్కలేదు, వాడు చెప్పిన ఆ ఒక్క మాటతో అర్థమైంది. మన కల్యాణిలో అదే ప్రతి మధ్యమం ఎంత చల్లగా ఉంటుంది, పక్కనే పంచమం ఉంది, అక్కడ వాలిపోతుందని చెవికి తెలుసు కాబట్టి. ఇక్కడ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ దాన్ని వాలనివ్వడు. మెట్టు దిగబోయి కాలు గాల్లో ఉండిపోయినట్టు ఉంటుంది. పైగా ఎంత నిదానం! 1970లో అందరూ ఎంత స్పీడుగా వాయించగలం అని పోటీపడుతుంటే వీళ్లు ఒక్కో స్వరాన్ని అది చచ్చేదాకా మోగనిచ్చి అప్పుడు ఇంకోటి వాయించారు. ఆ రోజు కరెంటు లేదు, యాంప్ లేదు, డ్రమ్స్ లేవు, అయినా రూములో బరువు తెలిసింది. నాకు సంబంధించినంతవరకు వాదన ఆ సాయంత్రమే అయిపోయింది. వాడు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆ పాట ఉన్న సబ్బాత్ మొదటి ఆల్బమ్ 1969 అక్టోబర్‌లో లండన్‌లో ఒక్క రోజులో రికార్డ్ చేశారు, 1970 ఫిబ్రవరి 13 శుక్రవారం రిలీజయింది. బ్యాండ్‌లో నలుగురూ బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే పేటవాళ్లు, ఫ్యాక్టరీలు, యుద్ధంలో బాంబులు పడి అప్పటికీ సగం పాడుబడ్డ వీధులు. పాటలు పాడే ఓజీ ఆస్బోర్న్ కబేళాలో పనిచేశాడు, బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ ఒక ఆఫీసులో లెక్కలు రాసేవాడు. అయోమీ షీట్ మెటల్ ఫ్యాక్టరీలో వెల్డర్. ఇక్కడే నేను కాసేపు ఆగుతా, ఎందుకంటే ఈ కథ అందరూ చెప్తారు గానీ ఒక ట్రివియాలాగా చెప్పి వదిలేస్తారు.

పదిహేడేళ్ల వయసు, ఫ్యాక్టరీలో ఆఖరి రోజు, మర్నాటి నుంచి బ్యాండ్‌తో వెళ్లిపోవాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇక పోనంటే వాళ్లమ్మ రోజు పూర్తి చేసి రమ్మంది. ఆ రోజు ప్రెస్ (రేకుల్ని నొక్కి ఆకారం తెచ్చే మెషీన్) మీద పనిచేసే మనిషి రాలేదని ఇతన్ని కూర్చోబెట్టారు. కుడి చేతి మధ్యవేలు, ఉంగరం వేలు కొసలు పోయాయి.

మా నాన్న బాలానగర్‌లో ప్రెస్ షాపులో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆయన ఎడమ చేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా లేదు, నేను ఒకటో రెండో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది. కాబట్టి అయోమీ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు అది రాక్ స్టార్ కథలా అనిపించలేదు, మా ఇంటి కథలా అనిపించింది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి చెప్పా. ఆయన మొదట అడిగింది పాట గురించి కాదు, 'గా ప్రెస్సుకు రెండు చేతుల బటన్ లేకుండెనా బిడ్డా?' అని. తెలియనివాళ్లకి చెప్తా, కొన్ని పవర్ ప్రెస్‌లకి రెండు బటన్లు ఉంటాయి, రెండు చేతులూ వాటి మీద ఉంటేనే స్ట్రోక్ పడుతుంది, అంటే చెయ్యి డై లోపల ఉండే చాన్సే లేదు. మా నాన్న పనిచేసిన చోట పీసులు ఎక్కువ రావాలని ఒక బటన్‌ని కట్టేసి ఉంచేవాళ్లు. ఆయనకి జరిగింది అదే. తర్వాత అడిగారు, 'ఏ చెయ్యి పోయింది, తీగెలు నొక్కేదా, మీటేదా?' అయోమీది ఎడమచేతి వాటం, అంటే కుడి చేతి వేళ్లే తీగలు నొక్కాలి, పోయింది సరిగ్గా అవే. ఈ ప్రశ్న నన్ను ఏ మ్యూజిక్ ఫ్యాన్ కూడా అడగలేదు.

తర్వాత జరిగింది చాలామందికి తెలుసు. ఫ్యాక్టరీ మేనేజర్ ఇంటికొచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు, మంటల్లో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా వాయించిన జాజ్ గిటారిస్ట్ ఆయన. అయోమీ సబ్బు లిక్విడ్ ప్లాస్టిక్ డబ్బా కరిగించి, వేళ్లకి టోపీల్లా చేసి, గరుకు కాగితంతో రుద్ది, పైన తోలు అంటించాడు. టోపీలో వేలికి తీగ తెలియదు, ఎంత గట్టిగా నొక్కుతున్నాడో తెలియదు. గిటార్‌కి పల్చటి తీగలు దొరక్కపోతే బాంజో తీగలు వేసుకున్నాడు. 1971లో మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి చాలా పాటలకి తీగల్ని మూడు ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు) కిందికి వదులు చేసేశాడు. (మొదటి ఆల్బమ్ కూడా అలాగే వదులు చేసి వాయించాడని చాలామంది రాస్తుంటారు, కాదు, అది మామూలు ట్యూనింగే.) మీ దగ్గర గిటార్ ఉంటే ఇప్పుడే చేసి చూడండి, మూడు ఫ్రెట్లు దింపండి. తీగ వదులై కొద్దిగా ఊగుతుంది, వేలికి నొప్పి ఉండదు, సౌండ్ కిందకి దిగి పొట్టలో తగులుతుంది. నొప్పి తగ్గడానికి చేసుకున్న ఏర్పాటు అది, ఆ తర్వాత డూమ్, స్టోనర్, డెత్ మెటల్ అని ఏ కొమ్మ తీసుకున్నా తీగలు దింపడం అక్కడ ఆనవాయితీ అయిపోయింది. అందుకే నేను 'మొదట ఎవరు మోగించారు' అని అడగను, 'ఎవరి నుంచి మిగతావాళ్లు నేర్చుకున్నారు' అని అడుగుతా.

జెప్పెలిన్ ఫ్యాన్స్‌కి కోపం వస్తుందని తెలుసు. నాకు వాళ్లంటే చాలా గౌరవం, 1969 జనవరిలో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ లేకపోతే ఇంగ్లండ్‌లో ఏ బ్యాండ్‌కీ అంత ధైర్యం వచ్చేది కాదు, పైగా వాళ్ల గాయకుడు ప్లాంట్, డ్రమ్మర్ బోనమ్ కూడా బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల వాళ్లే. కానీ 1970 చివర్లో ఇద్దరూ ఏం చేశారో పక్కపక్కన పెట్టి చూడండి. సెప్టెంబర్‌లో సబ్బాత్ నుంచి 'పారనాయిడ్' వచ్చింది, యుద్ధం, పిచ్చి, మత్తు మందు, అంతా ఇనుములా ఉంటుంది. అక్టోబర్‌లో జెప్పెలిన్ మూడో ఆల్బమ్ వచ్చింది, రెండో వైపంతా దాదాపు అకౌస్టిక్, జానపదం. గొప్ప ఆల్బమే, నాకు చాలా ఇష్టం. కానీ వాళ్లకి మెటల్ అనేది వెళ్లే దారిలో ఒక ఊరు, సబ్బాత్‌కి అదే సొంతూరు. డీప్ పర్పుల్ అనే ఇంకో ఇంగ్లిష్ బ్యాండ్‌ది కొంచెం కష్టమైన కేసు, 1970 జూన్‌లో వచ్చిన 'ఇన్ రాక్'లో స్పీడు, ఆ గొంతు, జాన్ లార్డ్ ఆర్గాన్‌ని మార్షల్ యాంప్‌లోంచి వదలడం, ఇవన్నీ తర్వాతి మెటల్‌కి నేరుగా వెళ్లాయి. పర్పుల్‌ని రెండో తండ్రి అన్నా నేను అడ్డు చెప్పను.

ఇంకొక పేరు ఈ చర్చల్లో ఎప్పుడూ వెనకబడిపోతుంది, అది జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్. వీళ్లూ ఆ బర్మింగ్‌హామ్ వైపువాళ్లే, వాళ్ల గిటారిస్ట్ గ్లెన్ టిప్టన్ అయితే బ్రిటిష్ స్టీల్ అనే ఉక్కు కంపెనీలోనే పనిచేశాడు. సబ్బాత్‌లో ఇంకా బ్లూస్, కొంచెం జాజ్ మిగిలి ఉంది, బిల్ వార్డ్ డ్రమ్స్ వినండి, ఊగుతూ ఉంటాయి. 1976లో 'శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ' నాటికి ప్రీస్ట్ ఆ బ్లూస్‌ని చాలావరకు కడిగేసింది, రెండు గిటార్లు కత్తుల్లా పక్కపక్కనే నడుస్తాయి, తర్వాత తోలు జాకెట్లు, మేకులు. ఇది మెటల్, రాక్‌లో ఒక రకం కాదు, వేరే ఇల్లు అని గోడ కట్టింది వాళ్లు. నా లెక్కలో సబ్బాత్ పునాది, ప్రీస్ట్ గోడలు.

2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లిష్ మెటల్ బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు మేం ఆరుగురం కాచిగూడలో జనరల్ బోగీ ఎక్కి వెళ్లాం. అంతకుముందు అంతమంది నల్ల టీషర్టులని ఒకచోట నేను చూడలేదు, తమిళం, కన్నడ, మలయాళం, అస్సామీ, అన్నీ వినిపించాయి, ఎక్కడో వెనకాల నుంచి 'ఒరేయ్ మావా ఇటు' అని కూడా వినిపించింది. ఆ రోజు మా రాజమండ్రి వాడు గొంతు పోయేదాకా పాడి, తిరుగు ట్రైన్‌లో బోగీ తలుపు దగ్గర కూర్చుని, సైగలతో, కాగితం మీద రాస్తూ జెప్పెలినే మొదటిది అని నాతో వాదించాడు. ఆ కాగితం ఇప్పటికీ నా గిటార్ బ్యాగులో ఉంది.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంలో సబ్బాత్ నలుగురూ ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ కలిసి వాయించారు. ఆ స్టేడియం ఉన్నది ఆస్టన్‌లోనే, ఓజీ పెరిగిన ఇంటికి దగ్గర్లోనే. ఓజీ లేవలేక కుర్చీలో కూర్చునే పాడాడు, నాలుగు పాటలు, ఆఖరిది 'పారనాయిడ్'. పదిహేడు రోజులకి చనిపోయాడు. ఆ వీడియో నేను టీవీలో పెట్టుకుని చూస్తుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు, ఆయనకి ఇప్పుడు డెబ్బై దాటాయి, ఆ సంగీతం ఆయనకి నచ్చదు. కెమెరా అయోమీ చేతి మీదికి వెళ్లినప్పుడు ముందుకి వంగి చూశారు.

'గిప్పటికీ గా టోపీలే పెట్టుకుంటడా?'

'అవే నాన్నా. యాభై ఏళ్లు దాటింది.'

ఇంకేం అనలేదు. పాట అయిపోయేదాకా ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు.