డబ్బాకి పది గింజలు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు యూకేజీ క్లాసు ఇచ్చారట, గదికి నాలుగు మూలలా, పిల్లలు ఆడుతూ లెక్కలు నేర్చుకునే స్టేషన్లు నాలుగు పెడతానన్నావట. చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తరవాత సుద్దముక్క పట్టుకున్నది నువ్వే. ఆ సంతోషం ఒకవైపు. ముప్పై రెండు మంది పిల్లలకి నువ్వూ, ఒక ఆయమ్మా అంటే బెంగ ఒకవైపు. అందుకే తెల్లారకుండానే లేచి రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. నాలుగు మూలలూ ఒకేరోజు తెరవకు. తీయడం, ఆడటం, మళ్ళీ సర్దడం ఒక మూలలో అలవాటయ్యాకే రెండోది. మూలకి ఎనిమిది మంది, పావుగంట, గంట కొట్టగానే మారాలి. సామాన్లు వాళ్ళ చేతికి అందాలి. చాపలు చాలు.

డబ్బు పోసి ఏమీ కొనకు. ముప్పై గుడ్ల అట్ట ఉంటుంది చూడు, దాన్ని ఐదు గుంటల వరసలు రెండేసి చొప్పున కత్తిరిస్తే మూడు పది గుంటల అట్టలు వస్తాయి. ఏడు గింజలు పెట్టినప్పుడు ఒక వరస నిండి, రెండో వరసలో రెండుంటాయి. వేలు పెట్టి లెక్కపెట్టకుండానే పిల్ల "ఐదూ రెండూ" అంటుంది. ఇంకా మూడు ఖాళీ అని కూడా తనే చెబుతుంది. తూకానికి బట్టల హ్యాంగరుకి రెండు కొబ్బరి చిప్పలు కట్టు. ఒకదాని తరవాత ఏది వస్తుందో చెప్పే ఆటకి పూలు చాలు: బంతి, చామంతి, బంతి, చామంతి.

పదుల కట్టలకి చీపురుపుల్లలు. మా ట్రైనింగులో మాంటిస్సోరీ పూసలు చూపించారు. పది పూసల కడ్డీ, అలాంటి కడ్డీలు పదింటితో వంద పూసల పలక, ఎంత ముచ్చటగా ఉండేవో! మా బడికి ఆ స్తోమత లేదు. పదేసి పుల్లలకి రబ్బరు బ్యాండు వేసి అదే పని చేశాను. ఒక కట్టా, విడిగా మూడు పుల్లలూ పెట్టి "పదమూడు" అను. పదీ, మూడూ ఆ మాటలోనే ఉన్నాయి. ఇంగ్లీషులో థర్టీన్ అంటే మూడే ముందు వినబడుతుంది, అందుకే కొందరు 31 రాసేస్తారు. ఇంగ్లీషు మీడియం కదా అని తెలుగు మాట మాన్పించకు తల్లీ.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఇది సగమే తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బుట్టనిండా ఎండు బఠాణీలు పోసి పిల్లల మధ్య పెట్టాను. గుప్పిళ్ళతో తీసుకుని లెక్కపెట్టారు. గలగలమని ఆ చప్పుడు వింటే నాకు ఎంత గర్వమో. ఎన్ని పోశానో నాకు తెలీదు, సాయంత్రానికి ఎన్ని మిగిలాయో తెలీదు. మర్నాటి నుంచి ఒక పిల్లాడు ముక్కు నలుపుకోవడం మొదలుపెట్టాడు. ఇంకా ఐదేళ్ళు నిండలేదు వాడికి. జలుబనుకున్నాను. నాలుగో రోజుకి ఒక్క ముక్కులోంచే పసుపుపచ్చగా కారుతోంది, వాసన. "అవతల కూర్చో, ముక్కు తుడుచుకునిరా" అని కసిరాను. మారుమాట్లాడకుండా వెళ్ళి కిటికీ కింద కూర్చున్నాడు.

మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చి ఎండలో వాడి తల పైకెత్తి చూసింది. లోపల పచ్చగా ఏదో ఉంది. నేను తల్లో పిన్ను తీసి లాగబోయాను. అది ఇంకా లోపలికి పోయింది, రక్తం వచ్చింది. బస్సెక్కి టౌన్లో డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన తీసి ట్రేలో వేశాడు. ఉబ్బి, తొక్క ఊడిన బఠాణీ. అది జారి గాలిగొట్టంలో పడుంటే ఏమయ్యేదో ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. తిరుగు బస్సులో పిల్లాడు నా ఒళ్ళో కూర్చుని, "రెండు పెట్టా టీచర్, ఒకటే వచ్చింది" అన్నాడు. వాడు లెక్కపెట్టుకున్నాడు. నేనే పెట్టలేదు.

ఆ మర్నాటి నుంచే డబ్బాకి పది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. మూల మారేముందు ఎవరి డబ్బా వాళ్ళు గుడ్ల అట్టలో సర్ది చూపించాలి. ఒకరోజు ఒక పిల్ల అట్టలో చివరి గుంట ఖాళీగా ఉండిపోయింది. "తొమ్మిదే టీచర్!" అని ఏడుపు. ఎనిమిది మందీ చాపలు దులిపి వెతికారు. ఆ పిల్ల గౌను మడతలోనే దొరికింది గింజ. దాన్ని గుంటలో పెట్టి, మళ్ళీ మొదటినుంచి వేలితో తాకుతూ పది దాకా లెక్కపెట్టింది. పది అంటే ఏమిటో నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రానిది ఆరోజు వచ్చింది.

గింజలు నువ్వు కూర్చునే మూలలోనే ఉండాలి. మిగతా మూలల్లో ఖాళీ అగ్గిపెట్టెలు, చెక్కముక్కలు పెట్టు. బఠాణీలు, సెనగలు, వేరుసెనగలు వద్దు. గురివింద గింజ అందంగా ఉందని ఒక్కటి కూడా తేకు, నమిలితే విషం. ఎవరికైనా ఒక్క ముక్కే కారుతుంటే కసరకు, లైటు వేసి చూడు. ఏదైనా ఇరుక్కుంటే పిన్నూ వేలూ పెట్టకు, నోటితో ఊపిరి తీసుకోమని చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

పెద్దమ్మ భయపెట్టిందని మూలలు మానేస్తావేమో! అలా చేస్తే నేనే బస్సెక్కి వస్తాను. వంద దాకా రాయించమని మీ స్కూలు వాళ్ళు ఒత్తిడి చేస్తారు. చిన్నపిల్లల చదువూ లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్‌లో, బాల్‌వాటికకి, అంటే ఒకటో తరగతికి ముందు క్లాసుకి, పెట్టిన లక్ష్యం పది దాకా అంకెలు గుర్తుపట్టి చదవడం. అది చూపించు. ఏడు గింజలు లెక్కపెట్టిన పిల్లని "ఎన్ని?" అంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. దూరంగా జరిపితే ఎక్కువయ్యాయంటుంది. దిద్దకు. మర్నాడు మళ్ళీ అడుగు.

చింతగింజలు కడిగి ఎండబెట్టాను. ఎనిమిది డబ్బాలు, ఒక్కోదానిలో పది. గుడ్ల అట్టలతో కలిపి రేపు బస్సులో పార్సిల్ వేస్తాను. అందగానే అన్నీ పోసి లెక్కపెట్టు. ఎనభై ఉన్నాయో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ